నాన్నగారి రైఫిల్, ఎదురింటి పగ

ఎన్నికల ప్రకటన వచ్చిందంటే మా నాన్నగారు ఇస్త్రీ పంచె కట్టుకునేవారు. లైసెన్సు తుపాకులన్నీ ఫలితాలు వచ్చేదాకా పోలీస్ స్టేషన్లో అప్పగించాలి. రైఫిల్‌ను నూనె గుడ్డతో తుడిచి, కాన్వాసు సంచిలో పెట్టి, మా ఊరి నుంచి రేపల్లె బయల్దేరేవారు. మొదట్లో మా కారులో, తర్వాత అద్దె కారులో. చివరిసారి షేర్ ఆటోలో వెళ్లాం. పక్కన కూరగాయల గంపతో కూర్చున్న ఒకావిడ, "ఏంటి బాబాయిగారూ అది, కర్టెన్ రాడ్డా?" అంది.

"అవునమ్మా" అన్నారు నాన్నగారు. ఆయన అబద్ధమాడగా నేను విన్నది అప్పుడే.

ఆ రైఫిల్ దొంగచాటుగా మా ఇంటికి రాలేదు. కొల్లూరు లంకలో మాకు అరటితోటలున్న రోజుల్లో, అడవిపందుల బెడద అధికారులకు చూపించి, అనుమతి వచ్చేదాకా ఆగి, విజయవాడ షాపులో రసీదుతో కొన్నారు. తోటలు పోయాయి. కారు పోయింది. ఆయన మాత్రం గడువు తీరకముందే లైసెన్సు రెన్యూవల్ చేయించడం మానలేదు. హాల్లో రెండు ఇత్తడి కొక్కేల మీద అది ఉన్నంతకాలం మాది పాతకాలపు పెద్దిల్లే అని నేనూ అనుకుంటూ వచ్చాను.

ఎదురింటాయనకూ మాకూ కాలువ తూము దగ్గర మొదలైన పగ. తెనాలి కోర్టులో ఏళ్ల తరబడి నడిచింది. తుపాకీ ఇవ్వడానికి నాన్నగారు వెళ్తుంటే ఆయన అరుగు మీంచి, "కోరలు పీకించుకోవడానికి బయల్దేరారు!" అని వీధికి వినపడేలా అనేవాడు. నాన్నగారు తల తిప్పేవారు కాదు. ఎన్నికలయ్యాక మాత్రం వీధి మొదట్లోనే బండి దిగి, సంచి భుజాన వేసుకుని, ఆ అరుగు ముందు నుంచి నడిచి వచ్చేవారు. ఆయన లేచి లోపలికి వెళ్లిపోయేవాడు.

మొన్నటి ఎన్నికలకు అప్పగించిన రైఫిల్‌ను నాన్నగారు తిరిగి తెచ్చుకోలేదు. ఫలితాలు రాకముందే పోయారు. నేను ఆయన ఒక్కగానొక్క కూతుర్ని. తెనాలిలో పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. రైఫిల్ ఇంటికి రావాలంటే లైసెన్సు నా పేరు మీదికి మారాలి. దరఖాస్తు చేశాను.

"తోటలు లేవు కదమ్మా, పందుల కారణం చెల్లదు" అన్నారు రేపల్లె ఎస్సైగారు, మర్యాదగానే. "ప్రాణభయం ఉందని విచారణలో తేలితే బాపట్ల కలెక్టరాఫీసుకు అనుకూలంగా రాసి పంపిస్తాను. మీకు పడనివాళ్లు ఎవరైనా ఉన్నారా?"

మా ఇంటిమీద కోపం పెట్టుకునే ఓపిక కూడా ఊళ్లో ఎవరికీ మిగల్లేదు.

విచారణకు వచ్చిన కానిస్టేబుల్ నన్ను వెంటబెట్టుకుని ఎదురింటికే వెళ్లాడు. ఆ అరుగు ఎక్కడం నాకదే మొదటిసారి. ఆయన నవారు మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు.

"పెద్దాయనా, ఈ మేడంగారితో ఎవరికైనా గొడవలున్నాయా?"

"ఉన్నాయి. నాకే. రాసుకో."

గడపలో నిలబడ్డ కోడలు ఫక్కున నవ్వింది. "మంచం దిగాలంటే ఇద్దరం పట్టుకోవాలి. మీరేం చేస్తారు మావయ్యా?"

"నువ్వూరుకో. మనుషుల్ని పెట్టి చేయిస్తాను. చంపుతానన్నాడని రాసుకోవయ్యా!" అరిచేసరికి దగ్గొచ్చింది. దగ్గు ఆగాక నావైపు చూశాడు. "ఆ తుపాకీ ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఈ వీధిలో నాకూ ఓ లెక్కుండేది అమ్మాయ్. ఉండనీ దాన్ని."

"మీరు ఊఁ అంటే రాసేస్తాను మేడం" అన్నాడు కానిస్టేబుల్ మెల్లగా. "ఈ వయసులో ఆయన్నెవరూ ఏమీ చెయ్యరులెండి."

ఊఁ అంటే చాలు, రైఫిల్ కొక్కేల మీదికి వచ్చేది. కానీ చట్టప్రకారం కొని, చట్టప్రకారం ఉంచుకున్నదాన్ని అబద్ధం చెప్పి తెచ్చుకోలేను. అదొక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదేమో. మా శత్రువు మామీద జాలిపడుతున్నాడు. ఆ జాలిని తీసుకోలేకపోయాను.

"నాకెవరితోనూ పగ లేదండి. అలాగే రాయండి" అన్నాను.

బాపట్ల నుంచి లైసెన్సు ఇవ్వలేమని జవాబొచ్చింది. రైఫిల్‌ను తుపాకుల షాపుకు అప్పగించమన్నారు. షాపు మనిషి రేపల్లె స్టేషనుకు వచ్చిన రోజు నేను ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లాను. అతను లైటు కింద గొట్టంలోకి చూసి, "బాగా చూసుకున్నారండి" అన్నాడు. సంతకం పెట్టి, ఖాళీ కాన్వాసు సంచి అడిగి తీసుకున్నాను.

తిరిగొస్తూ వీధి మొదట్లోనే ఆటో దిగాను. సంచి మడిచి చంకలో పెట్టుకుని నడిచాను. మంచం అరుగు మీదికి వేయించుకుని ఆయన నాకోసమే చూస్తున్నాడు. ముందు నా భుజం చూశాడు. తర్వాత సంచి.

"ఇచ్చేశావా?"

ఆయన్ని అంతవరకు ఏ వరసా పెట్టి పిలవలేదు.

"ఇచ్చేశాను బాబాయిగారూ."

లేచి లోపలికి వెళ్లిపోదామనుకున్నట్టున్నాడు. మంచం పట్టెమీద చెయ్యి ఆన్చాడు. లేవలేక, గోడవైపు తిరిగి పడుకున్నాడు.