చెప్పిన మాట ఎంతకాలం బతుకుతుంది

మామ పోయాడని పక్కింటివాళ్ళు ఫోన్ చేసి చెప్పారు. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చున్నాడట. అంతే. నేను మద్రాసు నుంచి కర్నూలు చేరేసరికి అన్నీ అయిపోయాయి.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. యాభైల్లో, కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, అక్కడి కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాడు. ఆడపిల్లనైనా నన్ను చదివిస్తానని ఆలూరు నుంచి తెచ్చి తన దగ్గర పెట్టుకున్నాడు. ఇంట్లో మామ, వాళ్ళమ్మ అంటే మా అవ్వ, నేను. ఆఫీసులన్నీ ఊళ్ళోకి వచ్చిపడి ఇళ్ళు దొరకని కాలం. మాకు దొరికినవి గాలి రాని రెండు గదులు. అవ్వ వీధి గడపకు అడ్డంగా మంచం వేసుకునేది. ఎవరు బయటికి పోవాలన్నా ఆమె కాళ్ళు ముడుచుకోవాలి. "యాడికి?" అని అడగకుండా ముడిచేది కాదు.

పాఠం చెప్పేటప్పుడు మామకు చేతులు వెనక్కి కట్టుకునే అలవాటు. "పేరు తర్వాత పెడుదువు, ముందు బాగా చూడు" అనేవాడు. ఒక ఆదివారం నన్ను కాలేజీ ల్యాబుకు తీసుకుపోయి, తన వేలు పొడుచుకుని, నెత్తురు చుక్కలో నీలం రంగు కలిపి మైక్రోస్కోపు కింద పెట్టాడు.

"ఏం కనపడతాండాది?"

"బిళ్ళల మాదిరి ఉండాయి. ఒకదాంట్లో నీలం దారాలుండాయి మామా."

"అది కొత్తగా పుట్టిన ఎర్రకణం. కేంద్రకాన్ని బయటికి తోసేసింది. అంటే ఏం చేయాల్నో చెప్పేది పోయింది. అయినా హిమోగ్లోబిన్ చేస్తానే ఉండాది. ఎవరు చెప్తే చేస్తాండాది?"

నాకు తెలీదన్నాను.

"నాకూ తెలీదు. ఇంకా ఎవరికీ సరిగ్గా తెలీదు" అన్నాడు. తెలీదని చెప్తూ అంత సంతోషపడే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆ ప్రశ్న మీద పనిచేయడానికే ఆయనకు మద్రాసులో సీటు వచ్చింది. అవ్వతో చెప్తే, "పో నాయనా. పిల్లను కట్టుకొని పో" అంది. మా వైపు ఆడపిల్లను మేనమామకివ్వడం మామూలే. మా అమ్మ కూడా సరేనంది. నన్నెవరూ అడగలేదు. లోపలి గదిలో బియ్యం ఏరుతూ అంతా విన్నాను. లేచి ఎటైనా పోదామంటే ఉన్నది ఒకటే వాకిలి. అక్కడ అవ్వ మంచం.

"నేను ఎత్తుకొని తిప్పిన పిల్లమ్మా అది. ఎట్ల కట్టుకునేది?"

"అందరూ ఎట్ల కట్టుకుంటాండారో అట్లే."

అవ్వ అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకుంది. మామ కంచం పట్టుకుని మంచం పక్కన నేలమీద కూర్చునేవాడు. ముద్ద కలిపేవాడు, ఆమె నోరు తెరిచేది కాదు. చివరికి ఒక మధ్యాహ్నం ఆయన గొంతు వినిపించింది. "సరేమ్మా. నేను మద్రాసుకు పోను. పెళ్ళి మాట మాత్రం ఎత్తొద్దు. పిల్లను చదువుకోనీ."

అవ్వ లేచి కూర్చుంది. "నేనున్నా లేకున్నా నువ్వు ఈ ఇల్లు ఇడిసి పోగూడదు. ఒట్టెయ్."

మామ ఆమె నెత్తిన చెయ్యి పెట్టాడు.

మద్రాసుకు పోయింది నేను. రైలెక్కిస్తూ, "ఆ నీలం దారాల సంగతేందో కనుక్కో" అన్నాడు. నా చదువు ముగియకముందే అవ్వ పోయింది. ఇక మామ కదులుతాడనుకున్నాం. మంచం తీసి గోడకు నిలబెట్టాడే గానీ ఆ ఇంటిని వదల్లేదు. పెళ్ళీ చేసుకోలేదు.

ఏళ్ళ తర్వాత ఆయన ప్రశ్నకు జవాబు నేనే మోసుకొచ్చాను. కేంద్రకం పోకముందే జన్యువులకు నకళ్ళు తీసి బయటికి పంపుతుంది. వాటినే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అంటున్నారు. ఆ నీలం దారాల్లో ఎక్కువ భాగం ప్రొటీన్లు తయారుచేసే సరంజామా. ఈ నకళ్ళు ఉండేదీ వాటి మధ్యనే. ఎన్ని నకళ్ళు తీసిందన్నది ఎంత ముఖ్యమో, ఒక్కో నకలు ఎంతసేపు చెడకుండా ఉంటుందన్నదీ అంతే ముఖ్యం. కొన్నిటిని కణం నిమిషాల్లో ముక్కలు చేసేస్తుంది. హిమోగ్లోబిన్ నకలు లాంటివి చాలాకాలం నిలుస్తాయి. ఏ ప్రొటీను ఎంత తయారవ్వాలో కణం అలా కూడా అదుపు చేసుకుంటుంది. నా ఉద్యోగమంతా ఈ చావుబతుకుల లెక్క మీదే గడిచింది.

మామ చేతులు వెనక్కి కట్టుకుని అంతా విన్నాడు.

"అంటే, చెప్పినోళ్ళు పోయినా చెప్పింది పనిచేస్తానే ఉంటాది. మాయమ్మ మాట మాదిరి."

"ఎప్పటికీ కాదు మామా. కణమే దాన్ని చించేస్తుంది."

"చించే చెయ్యి కూడా ఉండాల గదా పాపా" అన్నాడు. "నాకు శాతకాలేదు."

ఆ మాటలో నా మీద కోపం లేదు. ఎప్పుడూ లేదు. ఆయన లోపల ఉండిపోయినందుకే నేను బయటపడ్డానని ఇద్దరికీ తెలుసు. దానికి కృతజ్ఞత అన్న మాట సరిపోదు, ఇంకో మాట నా దగ్గర లేదు.

కిందటి ఎండాకాలం ఇద్దరం తుంగభద్ర ఒడ్డుకు పోయాం. ఏరంతా ఇసుక, బండలు. మధ్యలో సన్నటి పాయ. మామ చెప్పులు చేతపట్టుకుని ఇసుకలోకి దిగాడు. పాయ దాటి, అవతలి ఒడ్డుకు చేరి, వేలెడంత మనిషై నిలబడ్డాడు. చాలాసేపు అవతలి వైపే చూశాడు. నేను పిలవలేదు. కాసేపటికి ఆయనే వెనక్కి తిరిగి, వెళ్ళిన అడుగుల్లోనే అడుగులేసుకుంటూ నావైపు రాసాగాడు.