పొత్తు కుదిరింది, పోటీ మిగలలేదు

ఆ రోజులలో మా పార్టీకి ఓట్లు తక్కువ, పట్టుదల ఎక్కువ. పార్టీ పుట్టిననాడు పెద్దలు చెప్పిన మాటలలో ఒక్కటైనా మార్చకపోవడమే మా ఘనత. (కార్యాలయంలో కుర్చీలను సైతం మార్చలేదు, వెనుకకు వాలరాదని కొత్తవారికి ముందే చెప్పేవాళ్లము.) మంథని సమీపంలోని మా ఊరినుండి మండల పరిషత్తుకు మా నాన్న, అదే మా బాపు, ప్రతిసారీ నిలబడేవారు, ప్రతిసారీ ఓడేవారు. "ఓడినం గని ఒంగలే" అని తలపాగా సవరించుకునేవారు. గెలిచేది మాత్రం పెద్ద పార్టీవాడు. మెడలో దండ లేనిదే బయటికి రాడు గనుక అతణ్ణి అందరూ దండల పటేల్ అనేవారు.

నేను అప్పుడే బియ్యం మిల్లులో లెక్కలు రాసే ఉద్యోగంలో చేరి ఉన్నాను. అంకెలు తప్ప మరేదీ నమ్మదగినది కాదని నా నిశ్చితాభిప్రాయం. గత ఎన్నికలో మాకు వచ్చిన ఓట్లకు, ఎదురువీధిలో ఉన్న మరో చిన్న పార్టీ ఓట్లను కలిపి చూశాను. పటేల్ ఓడిపోతున్నాడు! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎదురువీధి పార్టీ అభ్యర్థి గడియారాలు బాగుచేసే పెద్దమనిషి, మా అందరికీ గడియారం సాబ్. పొత్తు పెట్టుకొని ఇద్దరిలో ఒకరు తప్పుకుంటే చాలు.

నామినేషన్ల ఉపసంహరణకు మధ్యాహ్నం మూడు గంటల వరకే గడువు. ఆనాడు ఉదయమే మా కార్యాలయం అట్టుడికిపోయింది. "పొత్తు పెట్టుకుంటే పార్టీ బతుకుతది బాపూ!" అన్నాను. "ఓట్లు కూడుతయి, మనుషులు కూడుతరారా? ఇయ్యాల జెండా కలిపితే రేపు మన పోరగాండ్లకు ఏం చెప్తవు?" అన్నారు బాపు. "గెలిచినమని చెప్తం!" అని యువకులమంతా ఒక్కసారిగా లేచాము. (ఒక కుర్చీ విరిగింది.) వాదన పన్నెండు దాటింది, ఒంటిగంట దాటింది. చివరికి బాపు లేచి నిలుచున్నారు. "సరే. కానీ నాకింత, నీకింత అనుడు పొత్తు గాదు, బేరం. పోటీ ఇడిసేదుంటే మనమే ఇడుస్తం, అడుగకుంట, చెప్పకుంట. గదీ మన పద్ధతి." మేము కన్నీళ్లతో చప్పట్లు కొట్టాము. సిద్ధాంతమూ నిలిచింది, లెక్కా కుదిరింది!

మూడింటికి కొద్ది నిమిషాల ముందు మండల కార్యాలయంలో బాపు సంతకం చేసి కాగితం అందించారు. గుమాస్తా ఏదో చెప్పబోయి, బాపు ముఖంలోని వెలుగు చూసి మానుకున్నాడు. వరండాలోకి వచ్చేసరికి గడియారం సాబ్ ఎదురై బాపును ఆలింగనం చేసుకున్నారు.

"ముబారక్ అన్నా! ఇగ గెలుపు నీదే. ఫికర్ చెయ్యకు."

"నాదేంది సాబ్? నీది గదా?"

"నాదెట్లయితది? నేను పొద్దుగాలనే ఇడిసిన, నీ కోసం."

బాపు తలపాగా తీసి చేతిలో పట్టుకున్నారు. "నేను సుత ఇడిసిన. ఇప్పుడే."

సాబ్ తన చేతి గడియారం చూసుకున్నారు. లోపల గోడ గడియారం మూడు కొట్టింది. నేను గుమాస్తా దగ్గరికి పరుగెత్తాను. "ఒకపారి ఇచ్చినంక వాపస్ లేదు తమ్మీ" అన్నాడతను.

"ఒక్క మాట చెప్పకపోతివి సాబ్!"

"చెప్తే బేరమనుకుంటవని చెప్పలే అన్నా!"

బాపు మొదట నవ్వారు. తరువాత సాబ్. అంతలో డప్పులు మోగాయి. ఏకగ్రీవంగా ఎన్నికైన పటేల్ వచ్చి, మెడలోని రెండు దండలు తీసి ఇద్దరికీ వేశాడు. "నా కోసం గింత త్యాగం మావోళ్లు సుత చెయ్యలే!"

పొత్తు మాత్రం చెడలేదు. ఆ సాయంత్రం నుండి బాపు సాబ్ దుకాణంలోని బల్లమీద కూర్చొని, రెండు పార్టీల భవిష్యత్తు గురించి ఆయనతో పోట్లాడుతూనే ఉండేవారు, ఇద్దరికీ ఓపిక ఉన్నంత కాలం. ఇప్పుడు మా కార్యాలయంలో కుర్రవాళ్లు సెల్‌ఫోన్లలో ఓట్లు కూడి నాకు చూపిస్తారు. కళ్లజోడు పెట్టుకొని సరిచూస్తాను. అంకెలు బాగానే ఉంటాయి. "అవుతలోళ్లతోని మాట్లాడిండ్రా?" అని అడుగుతాను. "లెక్క సక్కగ లేదా తాతా?" అంటారు వాళ్లు. సక్కగనే ఉంది నాయనలారా. ఆనాటి నా లెక్క కూడా నేటికీ తప్పు కాలేదు.