ముగ్గు సంచిలో రుజువు

తప్పులుంటే మన్నించండి, నేను ఐదో తరగతే చదివాను. రాతిపొడి మిల్లులో పనిచేసి మా ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. పరిహారం కోసం ఈ రోజు కొత్తగూడెంలో ఉచితంగా కేసులు చూసే లాయరమ్మను కలిశాం.

"మా దగ్గర పనే చెయ్యలేదని ఓనర్ అంటుండు. రుజువేమన్న ఉన్నదా చెల్లె?" అని ఆమె అడిగింది.

"ఈయన మిల్లు నుంచి తెచ్చిన పొడితోనే రోజూ ముగ్గేస్తున్న మేడమ్," అన్నాను మెల్లగా. "మిల్లు పేరున్న సంచి ఇంట్లనే ఉంది."

"గా సంచి జాగ్రత్త! పొడిని పరీక్షకు పంపుదాం. తోటి కూలీలతోటి సాక్ష్యం చెప్పిద్దాం."

మా ఆయన దగ్గుతూనే నవ్వాడు. "పిడికెడు తెమ్మంటే సంచెడు తెచ్చిన, సూడు!"

ఇంటికొచ్చేసరికి వాకిట్లో పొద్దుటి ముగ్గు వెన్నెల ఒలికినట్టు ఉంది. ఇంత చల్లని తెలుపే ఆయన ఊపిరిలోనూ ఉందా అనుకుంటూ నిలబడిపోయాను. రేపటి నుంచి బియ్యప్పిండితోనే వేస్తాను. మీ ఇంటి ముగ్గుపొడి ఎవరు దంచారో ఒకసారి అడుగుతారా?

రాత బాగుండదని, నేను మీకు పంపేవన్నీ ఎప్పుడూ చదివి చెరిపేయమంటాను. ఇది మాత్రం ఉంచండి.