నాలుగు మెట్ల పోటు

తాను అతుకు వేసిన వస్తువు ఎక్కడికి పోతుందో తెలుసుకోకుండా జయరాజు దాన్ని లారీ ఎక్కనిచ్చేవాడు కాదు. అది నీళ్ళ తొట్టి అయితే ఏ ఊరికి, మేడ మీద పెడతారా నేల మీదా అని అడిగేవాడు. గేటు అయితే ఎవరింటికి, లోపలికి తెరుస్తారా బయటికా అని అడిగేవాడు. షెడ్డులో తోటివాళ్ళకు అదొక నవ్వులాట.

"ఏమప్పా జయరాజూ, ఆడబిడ్డను అత్తగారింటికి పంపుతాండావా? గేటుకు ఇన్ని విచారణలా?"

అతనిది పెనుకొండ పక్కన ఒక పల్లె. నాయన కూలి మనిషి. పదో తరగతి తప్పాక జయరాజు ధర్మవరంలో నీళ్ళ ట్యాంకర్లు కట్టే షెడ్డులో వెల్డింగు నేర్చుకున్నాడు. కట్టిన ట్యాంకరు నిండా నీళ్ళు పోసి, చుట్టూ సుద్దపొడి రాసి, ఎక్కడ తడి పొడుచుకొస్తుందోనని తెల్లారేదాకా ఆగేవారు అక్కడ. ఆరేళ్ళలో అతని అతుకు మీద సుద్ద తడిసింది రెండుసార్లే. ఆ రెండూ ఏ ట్యాంకరువో, ఏ మూలవో అతను ఇప్పటికీ చెప్పగలడు. తర్వాత హిందూపురం పారిశ్రామికవాడలో కృష్ణకాంత్ షెడ్డుకు వచ్చాడు. కృష్ణకాంత్ వాళ్ళది తరాలుగా ఇనుము వ్యాపారం.

1998 చలికాలంలో ఆ షెడ్డుకు నాలుగు బోయాలు, అంటే నీళ్ళ మీద తేలుతూ ఓడలకు గుర్తుగా నిలబడే డబ్బాలు, కట్టే పని వచ్చింది. పడమటి తీరంలో ఏదో రేవుకు కావాలని చెన్నైలోని ఒక కంపెనీ ఇచ్చిన పని. డ్రాయింగు కాగితం బల్ల మీద పరిచి జయరాజు చాలాసేపు చూశాడు. అడుగున మనిషి ఛాతీ ఎత్తు ఇనుప డ్రమ్ము. దాని మీద దీపం పెట్టడానికి నాలుగు కాళ్ళ స్టాండు. డ్రమ్ము కింద కడియం, కడియానికి గొలుసు, గొలుసు చివర సముద్రం అడుగున కూర్చునే కాంక్రీటు దిమ్మ. డ్రమ్ము నడుం చుట్టూ ఒక తెల్లగీత. నీళ్ళు అంతవరకే రావాలి.

"ఇది యాడికి పోతాది సార్?" అని అడిగాడు.

"సముద్రానికి," అన్నాడు కృష్ణకాంత్.

"సముద్రంలో యాడ?"

"నాకేం తెలుసప్పా? మా తాత కాలం నుంచి ఇనుము అమ్ముతాండాం గానీ, సముద్రం అమ్మలే."

కాగితంలో జయరాజుకు అర్థం కాని సంగతి ఇంకొకటి ఉంది. గొలుసు పొడవు నీటి లోతుకు రెండున్నర రెట్లు ఉండాలని రాశారు. ఇరవై అడుగుల లోతుకు యాభై అడుగుల గొలుసు దేనికి? ఇనుము దండగ కదా అనుకున్నాడు. ఆ సాయంత్రం భార్య మరియమ్మను అడిగాడు. పెళ్ళికి ముందు ఆమె వేళాంకణి యాత్రకు పోయి సముద్రం చూసి వచ్చింది.

"గొలుసు సంగతి నాకు తెలీదు గానీ, పొద్దున మేం కూర్చున్న చోటు సాయంత్రానికి నీళ్ళల్లో ఉండె," అంది మరియమ్మ.

"ఎట్ల? ఎవరు పోసినారు నీళ్ళు?"

"పోయి ఆ మాతనే అడుగు," అని ఆమె పొయ్యి దగ్గరికి లేచింది.

మొదటి బోయా తయారయ్యేసరికి కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇన్‌స్పెక్టరు వస్తాడు, అతని ఎదుట బోయా ఒక పగలూ రాత్రీ తెల్లగీత వరకు తేలి ఉండాలి, లోపల చుక్క నీరు చేరకూడదు. చుట్టుపక్కల చెరువుల్లో నీళ్ళు మోకాలు దాటడం లేదు. నాలుగు రోజులు తిరిగాక జయరాజుకు పెనుకొండ దారిలో కుళ్ళాయమ్మ అనే రైతు బావి దొరికింది. పాతకాలపు పెద్ద బావి, నలభై అడుగుల వెడల్పు, ఒక పక్కగా దిగడానికి రాతి మెట్లు. ఆ నీళ్ళతో ఆమె రెండెకరాల మల్బరీ పెంచి పట్టుపురుగులు మేపుతోంది.

"బావిలో డబ్బా తేలేస్తాడంట," అంది కుళ్ళాయమ్మ పైనుంచి కిందికి అతన్ని చూస్తూ. "ఎందుకబ్బా?"

"తేల్తాదో లేదో చూడల్ల అక్కా."

"తేలకుంటే? నా బావిలో దిమ్మె చేసి పోతావా?"

"తేల్తాది. అతుకు నాదే."

"రంగు కరుగుతాదా? ఈ నీళ్ళే తొట్టిలో నా బర్రెలు తాగుతాయి."

రంగు కరగదని అతను డ్రమ్ముకు తడి గుడ్డ రుద్ది చూపించిన తర్వాతే ఆమె ఒప్పుకుంది. తన మోటరు ఆడే వేళల్లో మాత్రం అడ్డం రాకూడదని చెప్పింది. ఇన్‌స్పెక్టరు వచ్చే ముందు రోజే బోయాను దింపి చూసుకుందామని జయరాజు అన్నాడు. మధ్యాహ్నం మూడు గంటలకు క్రేను వచ్చింది. అప్పటికి మోటరు ఆగి గంటయింది. జయరాజు తాడుకు రాయి కట్టి లోతు కొలిచాడు. పదహారు అడుగులు. దిమ్మను ముందు దింపారు. డ్రాయింగు ప్రకారం గొలుసంతా వదిలితే బోయా పోయి బావి గోడ రాళ్ళకు కొట్టుకుంటుంది, రంగు లేచిపోతుంది. అందుకని అతను దిమ్మ ఎత్తూ డ్రమ్ము మునిగే మేరా పోను మిగిలిన కొలతకు ఒక జానెడు మాత్రం ఎక్కువ చూసుకుని, గొలుసులో అక్కడున్న లంకెనే బోయా కడియానికి తగిలించి, మిగతాది ముడివేసి కట్టేశాడు.

బోయా నీళ్ళలో ఒకసారి అటూ ఇటూ ఊగి నిలబడింది. నీళ్ళు సరిగ్గా తెల్లగీత మీద ఆగాయి. జయరాజు పొద్దు వాలేదాకా గట్టు మీద కూర్చుని చూసి ఇంటికి పోయాడు.

మర్నాడు ఎనిమిదింటికి అతను, కృష్ణకాంత్ వచ్చేసరికి తెల్లగీత లేదు. డ్రమ్మే లేదు. నాలుగు కాళ్ళ స్టాండు ఒక్కటి ఒక పక్కకు వాలి నీళ్ళ పైన కనిపిస్తోంది.

కృష్ణకాంత్ గట్టు మీద నుంచి వంగి చూశాడు. తర్వాత అన్నాడు. "పదకొండింటికి ఇన్‌స్పెక్టరు వస్తాడు. అంతలోపల క్రేను పిలిపించి దీన్ని పైకి తీస్తాం. షెడ్డులో అతుకు కోసి మళ్ళీ వేయి. అడిగితే ఇంకా దింపలేదని చెప్తాం."

"అతుకు కారలేదు సార్."

"కారకుంటే ఇనుము ఎందుకు మునుగుతాదప్పా? నాలుగూ నీ చేతివే. ఒకటి కారిందంటే నాలుగూ వద్దంటారు. ఆ పని పోయినాక నీకు నా షెడ్డులో ఏం పని ఉంటాది, చెప్పు?"

జయరాజు చొక్కా విప్పి మెట్ల మీద పెట్టాడు. పల్లెల్లో బావులే ఈత బడులు, అతనికి మునగడం కొత్త కాదు. స్టాండు పట్టుకుని, దానికి చెవి ఆనించి డ్రమ్ము మీద పిడికిలితో కొట్టాడు. తర్వాత ఊపిరి బిగబట్టి కిందికి పోయాడు. పైకి వచ్చి మళ్ళీ మునిగాడు. రెండోసారి వచ్చాక మెట్టు పట్టుకుని ఆయాసం తీర్చుకుంటూ అన్నాడు.

"గొలుసు కడ్డీ మాదిరి బిగుసుకోని ఉండాది సార్. లోపల నీళ్ళు చేరి మునిగింటే గొలుసు వదులుగా యాలాడుతుండల్ల. ఇది పైకి రావాలని గుంజులాడుతాండాది. గొలుసు రానీడం లేదు."

"నిన్న చాలిన గొలుసు ఈపొద్దు పొట్టిదయ్యిందా?"

గట్టు మీద పళ్ళు తోముకుంటూ ఇదంతా చూస్తున్న కుళ్ళాయమ్మ వైపు జయరాజు తిరిగాడు. "అక్కా, నిన్న మేం దింపినప్పుడు నీళ్ళు ఎన్నో మెట్టు కాడ ఉండె?"

"తొమ్మిదో మెట్టు."

అతను వంగి లెక్కపెట్టాడు. ఇప్పుడు ఐదో మెట్టు తడిసి ఉంది.

"పొద్దుట్నుంచి మోటరు ఆడితే తొమ్మిదికి పోతాయి. రాత్రంతా ఊరి ఐదుకొస్తాయి," అంది కుళ్ళాయమ్మ. "మా అత్త కాలం నుంచీ అంతే."

"నిన్న చెప్పలేదేమక్కా?"

"నువ్వు అడిగితివా? నీ పాటికి నువ్వు తాడేసి కొలుచుకుంటివి. బావికి ఒకటే లోతు అనుకుంటివి."

జయరాజు మెట్ల మీద కూర్చున్నాడు. అతని ఒంటి మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి. నీళ్ళు నాలుగు మెట్లు పెరిగాయి. గొలుసులో ఉన్నది జానెడు వెసులుబాటు. మిగతాదంతా డ్రమ్ము మునిగి చెల్లించింది.

"తప్పు నాదే సార్. కాగితంలో రెండున్నర రెట్లని ఉండాది. నేనే కుదించి తగిలించినా. అతుకు మాత్రం కోయొద్దు. కోస్తే మనమే కారిందని ఒప్పుకున్నట్టు. మోటరు ఆడి నీళ్ళు దిగితే గీత మళ్ళా కనపడతాది."

"కనపడకుంటే?"

"మీరు చెప్పినట్టే కానీండి."

కరెంటు తొమ్మిదింటికి రావాలి. పదిన్నరైనా రాలేదు. పదకొండుకు ఐదు నిమిషాల ముందు బెంగళూరు నుంచి వచ్చి ఇన్‌స్పెక్టరు కారు దిగాడు. యాభై ఏళ్ళు పైబడిన మనిషి, కాకినాడ వైపు మాట. నీళ్ళలో వాలిన స్టాండును చూసి సంచి కింద పెట్టాడు.

"ఎవరండీ దీన్ని కట్టింది?"

కృష్ణకాంత్ గొంతు సవరించుకునేలోపే జయరాజు ముందుకు వచ్చాడు. "అతుకు నాదే సార్. గొలుసు తగిలించిందీ నేనే. గొలుసు తప్పు, అతుకు సరిగ్గా ఉండాది." నీళ్ళ సంగతి, మెట్ల సంగతి, మోటరు సంగతి వరసగా చెప్పాడు.

"మీ అతుకు మీద అంత నమ్మకమా?"

"నమ్మకం కాదు సార్. మునిగి గొలుసు పట్టుకోని చూసినా."

ఇన్‌స్పెక్టరు అతన్ని కాసేపు చూసి, బర్రెల తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. "సరే, కరెంటు రానివ్వండి. నాకూ తొందర లేదు."

కుళ్ళాయమ్మ అతనికి చెంబుతో మజ్జిగ ఇచ్చింది. కృష్ణకాంత్ కారు దగ్గర నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. జయరాజుకు మూడు నెలలుగా దాచుకున్న ప్రశ్న అడగడానికి ఇదే అదను అనిపించింది.

"సార్, దీన్ని యాడ పెడతారు?"

"రేవు వాకిట్లోనండి. లోపలికొచ్చే ఓడకి ఎడమ పక్క ఎర్రవి, కుడి పక్క పచ్చవి. మధ్యలోంచి వస్తే లోతు ఉంటది. దాటితే ఇసక మేటలు. పోటు మీద ఆ మేట కనపడదండి, పైన నీళ్ళే ఉంటాయి కదా. ఓడ వచ్చి దాని మీదికెక్కుద్ది. ఆనక ఆటు వచ్చి నీళ్ళు దిగిపోతే అక్కడే చతికిలబడుద్ది. ఒక్కోసారి నడుం విరుగుద్ది."

"పోటుకు ఎంత పెరుగుతాయి నీళ్ళు?"

"మా కాకినాడలో ఐదడుగులు, మహా అయితే. గుజరాతు పక్క ముప్పై అడుగులు పెరిగే చోట్లున్నాయండి. ఆరు గంటలు ఎక్కుద్ది, ఆరు గంటలు దిగుద్ది."

ముప్పై అడుగులంటే ఈ బావి నోరు దాటి ఇంకా పైకి. జయరాజు బావిలోకి, తర్వాత పక్కనున్న కొబ్బరిచెట్టు మొవ్వు వైపు చూశాడు. "అక్కడ గొలుసు ఈ మాదిరి కుదిస్తే?"

"పోటు మీద బోయా మునిగిపోద్ది. మేట కనపడని వేళకే బోయా కూడా కనపడదు. కెప్టెనుకి ఏం తెలుస్తదండి?"

"మరి లోతు ఎంతని రాసుకుంటారు సార్, అది నిలకడగా ఉండదు కదా?"

"నీళ్ళు బాగా తగ్గినప్పటి లోతునే పటంలో వేస్తారు. దాని మీద ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎన్ని అడుగులు పెరుగుద్దో వేరే పుస్తకం ఉంటది. ఏడాది ముందే అచ్చేస్తారు."

"ఏడాది ముందేనా?" అంది కుళ్ళాయమ్మ. "మా కరెంటోళ్ళు మధ్యాన్నానిది పొద్దున చెప్పలేకున్నారు."

పన్నెండుంపావుకు మోటరు గుయ్యిమంది. మొదటి అరగంట ఏమీ మారలేదు. ఒంటిగంటకు ఆరో మెట్టు బయటపడింది. డ్రమ్ము పై అంచు ఎర్రగా కనిపించింది. బోయా పైకి లేచినట్టు అనిపిస్తోంది గానీ అది ఉన్న చోటే ఉంది. నీళ్ళే దాన్ని వదిలి దిగుతున్నాయి. ఏడో మెట్టు దగ్గర వాలు సర్దుకుంది. రెండున్నరకు, ఎనిమిదో మెట్టు సగం ఆరినప్పుడు, తెల్లగీత బయటికి వచ్చింది. ఆ తర్వాత నీళ్ళు ఇంకా దిగినా గీత నీళ్ళ మీదే ఆగింది. ఈసారి బోయా కూడా నీళ్ళతోపాటు దిగుతోంది.

కృష్ణకాంత్ కారు దగ్గర నుంచి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

క్రేనుతో తీసి డ్రమ్ము బిరడా విప్పారు. ఇన్‌స్పెక్టరు కర్రకు తెల్లగుడ్డ చుట్టి లోపల నాలుగు వైపులా తిప్పి తీశాడు. గుడ్డకు ఇనుప రజను అంటింది, తడి లేదు. కానీ అతను సంతకం చేయలేదు. డ్రాయింగులో ఉన్నంత గొలుసుతో మళ్ళీ దింపి, పగలూ రాత్రీ ఆగాలన్నాడు. గోడ రాళ్ళకు తగలకుండా జయరాజు బోయా చుట్టూ పాత లారీ టైర్లు కట్టాడు. పొద్దు గుంకేదాకా, మళ్ళీ తెల్లవారిన దగ్గర నుంచి, గంటగంటకూ మెట్లు లెక్కపెట్టి సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసుకున్నాడు. బోయా బావంతా తిరిగింది. ఐదో మెట్టు దగ్గరా తొమ్మిదో మెట్టు దగ్గరా గీత మాత్రం నీళ్ళను వదల్లేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు తొట్టి గట్టు మీదే కాగితం పెట్టుకుని రాశాడు. కృష్ణకాంత్ వెనక నుంచి చదివాడు. అతుకులు: సరిగా ఉన్నవి. గొలుసు పొడవు: మొదట తక్కువగా తగిలించారు, సరిచేయించాను. రెండింటికీ ఎదురుగా పనివాడి పేరు ఒకటే.

"ఆ రెండోది రాయకుంటే ఏం సార్? సరి చేసినాం కదా," అన్నాడు కృష్ణకాంత్.

"రాయనీండి సార్," అన్నాడు జయరాజు. "డబ్బా మునిగిందని ఊరంతా చూసినారు. అది లేకుంటే మొదటిది ఎవరు నమ్ముతారు?"

ఇన్‌స్పెక్టరు కలం మూసి సంతకం కింద ముద్ర వేశాడు. మిగిలిన మూడు డబ్బాలూ ఏ వారం తెస్తారని కుళ్ళాయమ్మ మెట్ల మీద నుంచి అడుగుతోంది. మల్బరీకి తడి పెట్టడం దాన్ని బట్టి చూసుకోవాలి ఆమె.