కడిగి తెచ్చిన కారు

ఆ చప్పుడు మొదట విన్నది మా అత్త. అట్లాంటిదేమీ లేదని వాదించింది నేను.

వారానికి మూడు రోజులు ఆమెను ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు డయాలసిస్‌కు తీసుకుపోతాను. మా ఆయన డోన్‌లో రైల్వే ఉద్యోగి. ఆదివారం తప్ప ఇంట్లో కనబడడు. కాబట్టి కారు నాది, దారి నాది, ఆయన్ని కన్న తల్లి కూడా నాదే. పదకొండుకల్లా ఆమె ఆసుపత్రి మంచం మీద ఉండాలి. ఆలస్యమైతే మంచం ఇంకొకరికి పోతుంది, మన వంతు మర్నాటికి జరుగుతుంది. ఒకసారి అట్లా జరిగితే తెల్లారేసరికి ఆమె కాళ్లు ఉబ్బిపోయాయి. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చుంది. అప్పటి నుంచి ఆ దారిలో నాకు ఆలస్యం ఒక్కటే భయం. బ్రేకు అరవడం మొదలయ్యాక భయాలు రెండయ్యాయి. మధ్యలో ఆగిపోతామేమోనని ఒకటి, ఆగాల్సిన చోట ఆగలేమేమోనని ఇంకొకటి.

"ఏందో అరుస్తాంది మే," అంది ఒక మంగళవారం, శిరివెళ్ల దాటాక.

"గాలి అత్తా."

"గాలి నా పక్కనే తోల్తాదా? నీ పక్క తోలదా?"

"నీకు చెవులు సరిగా వినబడవని డాక్టరే చెప్పె గదా."

"మనుషుల మాటలు వినబడవు. అది నా అదృష్టం. ఇనుము వినబడతాది."

వారం తిరిగేసరికి నాకూ వినబడింది. స్పీడు బ్రేకరు దగ్గర పెడలు మీద కాలు ఆనించగానే సన్నగా, పలక మీద గోరు గీసినట్టు. రోజూ అరిస్తే అదొక దారి. ఒకరోజు అరిచి రెండు రోజులు ఊరుకునేది. ఆ ఊరుకున్న రోజులే నన్ను ఎక్కువ తినేశాయి. రోడ్డు మీద సగం దాకా మొక్కజొన్నలు ఆరబోసిన చోట, గొర్రెల మంద అడ్డం వచ్చిన చోట, అవసరానికి చాలా ముందే నా కాలు బ్రేకు మీదికి పోయేది. పక్క సీట్లో మా అత్త కూడా, అక్కడేదో పెడలు ఉన్నట్టు, కాలితో కింద మ్యాటును తొక్కేది. తొక్కిన ప్రతిసారీ "ప్రభువా" అనేది. నా డ్రైవింగ్‌ను ప్రభువుకు అప్పగించడం నాకు నచ్చేది కాదు గానీ, ఆ రోజుల్లో అడ్డు చెప్పలేదు.

ఫోనులో మా ఆయనకు చెబితే, "పాటలు పెద్దగా పెట్టుకో, వినబడదు," అన్నాడు. "మీ అమ్మ పక్కనే ఉంది, ఫోనిస్తా, ఆమెకు చెప్పు ఆ మాట," అన్నాను. ఏదో రైలు వస్తోందని పెట్టేశాడు.

ఆసుపత్రికి దగ్గర్లో ఒక మెకానిక్ షెడ్డు ఉంది. ఆమె మిషను మీద ఉండే నాలుగు గంటల్లో రెండుసార్లు కారును అక్కడికి తీసుకుపోయాను. రెండుసార్లూ ముందురోజు సాయంత్రం కడిగించాను. మాది ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్ల వీధి. కటింగు మిషను తిరిగిందంటే సాయంత్రానికి కారు పిండిలో పొర్లించినట్టు అవుతుంది. "ఇట్లాంటి బండిని పరాయి వాని చేతికి ఇస్తామా? మనల్నేమనుకుంటారు?" అనేది అత్త. మా ఇద్దరికీ వాదన రాని విషయం ఈ భూమ్మీద అదొక్కటే. వాటర్ సర్వీసు వాడు గన్ను పెట్టి కొడుతుంటే నేనే పక్కన నిలబడి, "చక్రాల లోపల గూడా కొట్టప్పా," అని చెప్పేదాన్ని.

అట్లా తళతళలాడే కారును, ఆసుపత్రి నీడలో గంటసేపు నిలిపి, తర్వాత షెడ్డుకు తెచ్చేదాన్ని. మెకానిక్ దాన్ని తోలుకుని వీధి చివరి దాకా పోయి వచ్చేవాడు. చప్పుడు లేదు. చక్రం సందుల్లో నుంచి ఫోను లైటు వేసి చూసేవాడు.

"ప్యాడు బాగుందక్కా. దుమ్ముకు అరిచింటాది."

"నేను అబద్ధం చెప్తాండానా?"

"నువ్వు కాదు, నీ బండి చెప్తాంది."

"అయినా మార్చు."

"బాగున్నదాన్ని యాడన్నా మారుస్తారా? నీకు దుడ్లు ఎక్కువైనాయా?"

బాగున్న సామాను మార్చొద్దన్నందుకు మెకానిక్‌ను తిట్టిన మనిషి నంద్యాలలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఆ తర్వాతి మంగళవారం మళ్లీ చూపిద్దామనుకున్నాం. సోమవారం సాయంత్రం కరెంటు లేదు, వాటర్ సర్వీసు మోటారు తిరగలేదు. తెల్లగా దుమ్ము పట్టిన కారులోనే బయల్దేరాం. "సిగ్గుచేటు," అని అత్త అద్దం ఎత్తించుకుని కూర్చుంది. శిరివెళ్ల ఇంకా రాకముందే చప్పుడు మారింది. కీచుమనడం పోయి గర్రుమంది. రాయి మీద ఇనుము లాగుతున్నట్టు, నా అరికాలికే తెలిసింది. సరిగ్గా అప్పుడే ఎదురుగా గొర్రెలు. తొక్కాను. పెడలు ఎప్పటికంటే లోపలికి పోయింది. బండి కుడికి, రోడ్డు మధ్యకు లాగింది. చివరి గొర్రెకు రెండు బారల దూరంలో ఆగాం.

"ఏమ్మా, కొంటావా, గుద్దుతావా?" అన్నాడు కాపరి.

చేతులు స్టీరింగు మీద నుంచి రాలేదు.

టైము పది దాటింది. బస్సు మెట్లు ఆమె ఎక్కలేదు. ఏం చేద్దామని అడిగాను.

"నిదానంగా పోనీ."

"నిదానంగా పోతే మంచం పోతాది అత్తా."

"పోతే మంచమే గదా పోయేది. తోలు."

ముందు పోయే ట్రాక్టరుకు ఇంత దూరం వదిలి, గేరు తగ్గిస్తూ, బ్రేకును వీలైనంత తొక్కకుండా నంద్యాల చేరాను. బాటిల్లో ఉన్న కాసిని నీళ్లూ ఆమె తాగకూడదు, నాకు తాగబుద్ధి కాలేదు. ఆసుపత్రికి పోకుండా నేరుగా షెడ్డు ముందు ఆపాను. టైము పదీ నలభై.

మెకానిక్ వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే కుడి చక్రం దగ్గర ముంజేయి వెనక భాగం పెట్టి చూశాడు. ఎడమ చక్రం దగ్గర పెట్టి, చటుక్కున లాక్కున్నాడు.

"కాలిపోతాంది. ఎన్నాళ్ల నుంచి ఇట్ల?"

"ఈరోజే," అన్నాను.

"దానికేం తెలుసు?" అంది లోపల నుంచి అత్త. "నెల దినాలాయె."

అతను కిటికీ దగ్గర వంగాడు. "ఎట్ల అరుస్తాండె అవ్వా?"

"మొదట్లో ఇది కాలు పెడితే అరుస్తాండె. తర్వాత కాలు పెట్టకపోయినా సన్నగా పాడతాండె. దిగేటప్పుడు కాలిన వాసన. నేను చెయ్యి ఆనించి లేస్తా గదా, ఈడ రేకు గూడా ఎచ్చగా ఉంటాండె. అన్నీ నా పక్కనే."

"ఇదంతా నాకు చెప్పలేదేందక్కా?"

అత్తను దించడానికి పోయి ఆమె పక్క డోరు తీశాను.

కారు కదలకూడదన్నాడు. ఆటో పిలిచాడు. గుంత వచ్చిన ప్రతిసారీ ఆమె భుజం పట్టుకుంటూ ఆసుపత్రికి తీసుకుపోయాను. మా మంచం పక్కన అప్పటికే ఇంకో కుటుంబం సంచి పట్టుకుని నిలబడి ఉంది. నర్సు గడియారం చూసి, నన్ను చూసి, అత్తను పడుకోమంది. సూది పెట్టేదాకా ఉండి వెనక్కి వచ్చాను.

చక్రం ఊడదీసి ఉంది. బయటి ప్యాడు నిజంగానే మందంగా ఉంది. లోపలి ప్యాడు అరిగి ఉత్త ఇనుము మిగిలింది. అది రాసుకుని డిస్కు మీద చాళ్లు పడ్డాయి. రెండు ప్యాడ్లనూ పట్టుకునే ఇనుప పట్టు రెండు పిన్నుల మీద అటూ ఇటూ జరగాలట. పిన్ను బిగుసుకుపోతే పని మొత్తం లోపలి ప్యాడే చేస్తుంది.

"నేను రెండుసార్లూ బయటిదే చూసినా. తప్పే," అన్నాడు.

ఇంకేముంది, దొరికాడనుకున్నాను. ఇంతలో సుత్తితో తట్టి పిన్ను బయటికి లాగాడు. దాని రబ్బరు తొడుగు చినిగింది. లోపల తెల్లటి ముద్ద గట్టిపడి ఉంది.

"ఇదేందీ, పిండి మాదిరి?"

వేళ్ల మధ్య నలిపాను. మా వీధి అది. "రాతిపొడి."

"పొడి ఇంత లోపలికి పోదక్కా. నీళ్లతో కలిసి పోయింది. గన్నుతో కొట్టిస్తాండారా?"

"నీకాడికి తెచ్చే ముందల్లా."

నడుం మీద చేతులు పెట్టుకుని నన్నే చూశాడు. "పెండ్లికూతురి మాదిరి కడిగి, సల్లగా జేసి తెస్తే నేనేం కనిపెట్టేది? ఈపొద్దు మురికిగా, ఎచ్చగా తెచ్చినావు, దొరికింది."

ముందరి రెండు చక్రాలకూ కొత్త ప్యాడ్లు, డిస్కులు వెయ్యాలన్నాడు. కుడిది బాగానే ఉంది కదా అని మొదలుపెట్టాను. "ఒక కాలికి కొత్త చెప్పు, ఒక కాలికి పాతది ఏసుకుని నడుస్తావా?" అన్నాడు. పిన్నుకు గ్రీజు పూస్తుంటే నా నోరు ఊరుకోలేదు. "అది ప్యాడుకు అంటితే?" అన్నాను. "అంటితే నువ్వు ఆసుపత్రికి, నేను జైలుకు. కొంచెం జరుగు, ఎలుతురు రానీ." చక్రాలు బిగించాక, బండి కదిలించకముందే పెడలును గట్టిపడేదాకా పదిసార్లు తొక్కించాడు. ఖాళీ రోడ్డు మీద మెల్లగా పోతూ కొన్నిసార్లు ఆపి చూసుకోమన్నాడు. మొదటిసారి ఎవరినీ ఎక్కించుకోవద్దన్నాడు.

మూడు దాటాక అత్త బయటికి వచ్చింది. మిషను దిగిన రోజు ఆమె మనిషిలో సగం ఉంటుంది. ఆసుపత్రి బల్ల మీద కూర్చోబెట్టి, "నేను ఒక చుట్టు తిప్పి వస్తా," అన్నాను.

"నేను లేకుండా చూస్తే నీకేం తెలుస్తాది?"

"ఎవరినీ ఎక్కించుకోవద్దన్నాడు అత్తా."

"వాడు రెండుసార్లు చూసి బాగుందన్నోడే గదా. డోరు తీ."

తీశాను. ఇంకో రోజయితే తీసేదాన్ని కాదు.

ఊరి బయట రోడ్డు ఖాళీగా ఉంది. ఇరవైలో పోయి తొక్కాను. ఆగింది. చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దాన్ని నేను నమ్మలేదు. ఇదివరకూ రెండు రోజులు ఊరుకుని మూడోరోజు అరిచిందే కదా. అత్త వైపు చూశాను. కళ్లు మూసుకుని వింటోంది.

"ఇంకోసారి," అంది.

ముప్పైలో తొక్కాను. నేరుగా ఆగింది, కుడికి లాగలేదు.

"ఇంకోసారి."

అట్లా ఆరుసార్లు. ఆరోసారి ఆమె కళ్లు తెరిచి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పా మే, ఇంటికి. బేస్తవారం మళ్లా రావాల."

ఆమె నిద్రపోయింది. నేను ఎడమ అద్దం కొంచెం దించి, ఆ పక్కకే చెవి పెట్టి, నలభై దాటకుండా ఆళ్లగడ్డ దాకా తోలాను.