రెండో బటన్

బక్కయ్య మంచివాడని మా గ్యాలరీలో అందరూ ఒప్పుకుంటారు. ఆ మాట అనడానికి ఖర్చేమీ లేదు కనుక ధారాళంగా అంటారు. ఆ మంచితనంతో ఆయనకేం ఒరిగిందో మాత్రం ఎవరూ చెప్పరు. నేను చెబుతాను. అప్పట్లో మా గదిలో టీవీ లేదు, కాబట్టి నాకు ఎవరి మొహమాటమూ లేదు.

మాది బొంబాయి కామాటిపుర పదకొండో గల్లీలో రెండంతస్తుల చాల్, వరసగా ఒంటిగది కాపురాలు; గదుల ముందున్న పొడవాటి వరండానే గ్యాలరీ అంటాం. తాతల కాలంలో రాళ్లూ సున్నమూ మోయడానికి పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్ల సంతానమే అందరమూ. పిల్లల నోళ్లలో మరాఠీ, హిందీ ఆడేవి. తెలుగు తిట్లకూ పండగలకూ మిగిలింది. బక్కయ్య తండ్రి మేస్త్రీ. ఆ మేస్త్రీ కట్టే గోడలకే తల్లి సాయమ్మ ఇటుకలు మోసింది. కొడుకు చేతికి తాపీ రాకూడదని తండ్రి పట్టుబట్టి, నాగ్‌పాడాలో రేడియోలు బాగుచేసే దుకాణంలో పెట్టాడు. రేడియోలు పోయి టీవీలు వచ్చాయి, బక్కయ్యకు ఆ పనిలో చెయ్యి కుదిరింది. పెళ్లి మాత్రం అచ్చిరాలేదు. చేసుకున్న పిల్ల ఏడాది తిరక్కుండానే జ్వరంతో పోయింది. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు. గ్యాలరీ చివరి గదిలో తల్లీ కొడుకూ మిగిలారు.

సాయమ్మ తుంటి విరిగి మంచాన పడింది. చూపు కూడా మసకబారింది. నలభై ఏళ్లు బొంబాయిలో ఉన్నా ఆమెకు కూరగాయల బేరానికి సరిపడా మరాఠీ తప్ప మరోటి రాలేదు. మంచాన పడ్డాక ఆ బేరమూ పోయింది. ఆమె ఈడువాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. గుమ్మం ముందు నుంచి పోయే పిల్లల్ని పలకరిస్తే, వాళ్లు మరాఠీలో ఏదో అని పరుగెత్తేవాళ్లు. కొడుకు పనికి పోయాడంటే, మళ్లీ చీకటి పడేదాకా ఆమెతో తెలుగులో మాట్లాడే నోరు లేదు.

ఎనభై ఆరులో కులపోళ్లంతా కలిసి ఒక వీడియో మెషీన్ కొన్నారు. దాన్ని మెట్ల పక్కనుండే మొదటి గదిలో, కులం తగువులు తీర్చే పంచుల పెద్ద ముత్తయ్య ఇంట్లో పెట్టారు. బక్కయ్య ఆ మెషీన్ నుంచి వైరు తీసి గ్యాలరీ వెంట ఒక గదిలోంచి ఇంకో గదిలోకి లాగాడు. ఒక టీవీ దగ్గర చీల్చి, కొంత అక్కడ ఇచ్చి, మిగిలింది ముందుకు పంపడం. అంతటితో పని అయిపోదు. ఆ రోజుల్లో టీవీ బటన్ల కింద చిన్న మూత ఉండేది. మూత వెనక ఒక్కో బటన్‌కు ఒక్కో బుల్లి చక్రం. రెండో బటన్ నొక్కి, గోటితో ఆ చక్రాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ, తెల్లచుక్కల ముసురు పోయి బొమ్మ నిలబడేదాకా చూడాలి. టీవీ ఉన్న ప్రతి గదిలోనూ నేలమీద గొంతుక్కూర్చుని ఆయనే తిప్పాడు. పిల్లలు కదపకుండా చక్రం మీద కొవ్వొత్తి మైనం చుక్క వేశాడు. మొదటి బటన్ సర్కారుది, రెండోది మనది అని ఇంటింటా నేర్పాడు.

మెషీన్ పక్కన బొమ్మకు బలమిచ్చే డబ్బా ఒకటి ఉండేది, బూస్టర్ అంటారు. దాని స్క్రూ ఎవరైనా తిప్పితే అన్ని గదుల్లోనూ బొమ్మ చెడుతుంది. అందుకని బక్కయ్య ఒక చెక్కపెట్టె చేసి, డబ్బాను అందులో పెట్టి, తాళం వేసి, తాళంచెవి ముత్తయ్య చేతికిచ్చాడు. రెండోది తన దగ్గర ఉంచుకోవచ్చు కదా, ఉంచుకోలేదు. సమాజం పెట్టెకు, అంటే కులపోళ్లందరి ఉమ్మడి సొత్తుకు, ఇద్దరి దగ్గర తాళంచెవులు ఉండకూడదట.

ఆయన తన గదికి విడిగా నేరుగా ఒక వైరు వేసుకున్నా ఎవరూ కాదనేవాళ్లు కాదు. ముత్తయ్య అడిగాడు కూడా. కానీ మా కులంలో బంతి భోజనాలకు ఒక పద్ధతుంది. వండించి వడ్డించేవాళ్లు, వచ్చినవాళ్లందరి విస్తళ్లూ లేచాకే కూర్చుంటారు. బక్కయ్యకు వైరు కూడా బంతిలాగే కనిపించింది.

"వడ్డించేటోడు ఆఖర్ల కూసుంటడు గద కాకా. నాది ఆఖర్ల ఉండనియ్యి," అన్నాడు.

అందరూ మెచ్చుకున్నారు. బంతిలో ఆఖరున కూర్చున్నవాడికి చల్లారిన అన్నమైనా దొరుకుతుంది. వైరు చివరున్నవాడికి మాత్రం మధ్యలో ఎవడు చెయ్యి పెడితే వాడే దొర. అన్ని టీవీలు విప్పిన మనిషికి ఆ తేడా తెలియదా? తెలుసు. కానీ ఆ రోజు ఆయన మెకానిక్‌లా ఆలోచించలేదు, మా కులపు మనిషిలా ఆలోచించాడు.

శనివారం హిందీ సినిమా, ఆదివారం మధ్యాహ్నం తెలుగు సినిమా. తెలుగు క్యాసెట్ కోసం బక్కయ్యే బస్సెక్కి దాదర్ వెళ్లేవాడు. ఆదివారం వచ్చిందంటే సాయమ్మ పొద్దున్నే తల దువ్వించుకునేది. ఆమె సినిమా చూసేది కాదు, సినిమాలోని మనుషులతో మాట్లాడేది. కోడల్ని సతాయించే అత్తను తిట్టేది. తాగొచ్చినవాడికి బుద్ధి చెప్పేది. ఏడ్చే పిల్లను "ఊకో బిడ్డా" అని సముదాయించేది. వారమంతా మూతబడ్డ నోరు ఆ మధ్యాహ్నమంతా ఆడేది. బక్కయ్య గుమ్మంలో కూర్చుని తల్లి మాటలు వింటూ నవ్వుకునేవాడు. ఆయన జీవితంలో ఉన్న సుఖమల్లా అదే.

మరుసటి ఏడు బక్కయ్య పక్కగది రత్నాబాయి కలర్ టీవీ కొంది. బొమ్మ వెనక నీడ పడుతోందని బయటి మెకానిక్‌ను పిలిపించింది. గోడకవతలున్న బక్కయ్యను పిలవలేదు, కలర్‌కు కలర్ మెకానిక్ కావాలట. ఆ వచ్చినవాడు బక్కయ్య గదికి పోయే వైరు పీకేశాడు. ఉన్న బలమంతా అక్కడే ఆగి బొమ్మ నిగనిగలాడింది. ఆ ఆదివారం బక్కయ్య దాదర్ నుంచి క్యాసెట్ తెచ్చి ముత్తయ్యకిచ్చి, గదికొచ్చి రెండో బటన్ నొక్కితే బుస్సుమనే చప్పుడు, తెల్లచుక్కలు. గోడవతల సినిమా మొదలైంది. బయటికొచ్చి చూస్తే రత్నాబాయి కిటికీ చువ్వకు తన వైరు కొస వేలాడుతోంది.

ఇదేమిటని అడిగాడు.

"మీ అవ్వకు కండ్లే కనవడయి, ఆమెకు బొమ్మ ఎందుకు బక్కన్నా? మా కలర్ ఖరాబ్ అయితుంది," అంది రత్నాబాయి.

ముత్తయ్య ఇంట్లో పెట్టె తెరిచి, స్క్రూ కాస్త తిప్పి, అక్కణ్నుంచి తన గదికి వేరే వైరు వేసుకుంటే ఇద్దరికీ సరిపోయేది. వైరు తానే తెచ్చుకుంటానని చెప్పి బక్కయ్య తాళంచెవి అడిగాడు. అది సమాజం పెట్టె, పంచులు కూర్చోవాలన్నాడు ముత్తయ్య. పంచులు కూర్చున్నారు. పెట్టె తెరిస్తే అందరి బొమ్మా పోతుందన్నాడు ఒకడు. ముసలమ్మను ఎత్తుకొచ్చి ముత్తయ్య ఇంట్లో కూర్చోబెట్టుకోమన్నాడు ఇంకొకడు, విరిగిన తుంటిని సిమెంటు బస్తాలా మోసుకురావచ్చన్నట్టు. చివరికి ముత్తయ్య తీర్పు చెప్పాడు.

"ఆఖర్ల ఉంటనని నువ్వే అన్నవు గద బక్కయ్యా. ఆఖరోనికి ఎంతస్తే అంత. ఇప్పుడు ముంగట కూసుంటనంటే ఎట్ల?"

ఆయన మర్యాదను ఆయన మెడకే కట్టారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ తాళం బక్కయ్య తెచ్చి వేసిందే, తలపిన్నుతో తెరవగలడు. తెరవలేదు. సమాజం పెట్టె కదా.

తల్లి మంచాన్ని రత్నాబాయి గది వైపు జరిపాడు. మధ్యలో ఉన్నది చెక్కపలకల గోడ, చెవి ఆనిస్తే మాటలు వినబడతాయి. సాయమ్మ గోడతో మాట్లాడటం మొదలెట్టింది. బక్కయ్య తన టీవీలో రాని సినిమా కోసం ప్రతి ఆదివారం దాదర్ బస్సెక్కుతూనే ఉన్నాడు. ముసలమ్మ మాటలు అడ్డమొస్తున్నాయని రత్నాబాయి అవతల్నుంచి గోడ బాదేది. సాయమ్మ దాన్ని పలకరింపు అనుకుని ఇంకా గట్టిగా జవాబిచ్చేది.

వానాకాలంలో ఒక ఆదివారం బక్కయ్య సంచి భుజాన వేసుకుని బయల్దేరుతుంటే ముత్తయ్య మెట్ల దగ్గర ఆపాడు. ఇక దాదర్ పోనక్కర్లేదట. తెలుగు సినిమా పిల్లలకు అర్థం కావడం లేదని, ఆదివారం కూడా హిందీయే పెడుతున్నారట. పంచులు ఎప్పుడు కూర్చున్నారని బక్కయ్య అడిగాడు. దీనికి పంచులెందుకని ముత్తయ్య లోపలికి పోయాడు.

మధ్యాహ్నం రత్నాబాయి కబురు పెట్టింది. పిల్లలు మైనం గీకి చక్రం తిప్పేశారట, బొమ్మ రావడం లేదు. ఆమె కలర్ మెకానిక్ ఆదివారం రాడు. బక్కయ్య వెళ్లాడు. గొంతుక్కూర్చుని, రెండో బటన్ నొక్కి, చుక్కలు పోయేదాకా చక్రం తిప్పి, మైనం చుక్క వేసి వచ్చాడు. ఎందుకు వెళ్లావని నేను గ్యాలరీలో నిలదీశాను. సినిమా మొదలయ్యే వేళయింది కదా అన్నాడు, అదే జవాబైనట్టు.

ఆయన వెనకే నేనూ గదిలోకి వెళ్లాను. తల దువ్వించుకున్న సాయమ్మ పలకలకు చెవి ఆనించి ఉంది. అవతలి హిందీ మాటలు బాగా వినిపిస్తున్నాయి. ఆమె చాలాసేపు విని, అరచేత్తో గోడ నిమిరింది.

"ఇయ్యాల వాండ్లు మనతోని మాట్లాడతలేరేందిరా కొడుకా? నేనేమన్న అంటినా?"

బక్కయ్య మంచాన్ని గోడ దగ్గర్నుంచి లాగి పాత చోట వేశాడు.