కొండెక్కిన గది

డెబ్బయిల మొదట్లో నేను మన్యంలో నర్సుగా పనిచేసేదాన్ని. కొండ మీది ఊళ్ళకు వైద్యానికి వెళ్తే రాత్రి తలదాచుకునే చోటుండదని మా డాక్టరుగారి బాధ. అందుకని పికప్ వ్యాను వెనక భాగంలో చెక్కగది కట్టించి, అందులోనే మంచం, నీళ్ళ డ్రమ్ము పెట్టిద్దామన్నారు.

సాలూరులో ఒక వడ్రంగి టేకుతో గది కట్టాడు. కిటికీకి తెర నేనే కుట్టాను. వ్యాను మోయగలిగేది ముప్పావు టన్నని తలుపు దగ్గరి రేకు మీద రాసి ఉంది.

"గది అర టన్ను దాకా ఉంటాదండి," అన్నాడు వడ్రంగి.

"ఇంకా పావు మిగిలింది," అన్నారు డాక్టరుగారు.

ఆ పావు టన్ను నీళ్ళకూ, మందుల పెట్టెలకూ సరిపోయింది. ఆయనా, డ్రైవరూ, కాంపౌండరూ, నేనూ మనుషులం కనక మమ్మల్ని బరువులో ఎవరూ కలపలేదు. డ్రైవరు బండి చుట్టూ తిరిగి చూసి, "దేవుడి రథంలాగుందండి," అని మురిసిపోయాడు.

ఘాట్ రోడ్డు మలుపులో రథం ఆగింది.

"ముందు చక్రాలు తేలిపోతన్నాయండి. స్టీరింగు మాటినడం లేదు," అన్నాడు డ్రైవరు.

మేం దిగాం. నీళ్ళు పారబోశాం. మంచం దింపాం. ఇంజను మూలిగింది గాని బండి ఎక్కలేదు. గదిని బోల్టులతో బిగించారు, అది మా నలుగురి వల్ల దిగదు. ఇక దించగలిగినవి మందుల పెట్టెలే. వాటికి కాపలాగా కాంపౌండరుని రోడ్డు పక్కన కూర్చోబెట్టి పైకి వెళ్ళాం.

ఊళ్ళో జనం పనసచెట్టు కింద ఎదురుచూస్తున్నారు. ఊరిపెద్ద గదిలోకి తొంగిచూశాడు.

"మందులేయి బాబూ?"

"కింద ఉన్నాయి," అన్నారు డాక్టరుగారు.

"మరి పైకి ఏటి తెచ్చినారు?"

"గది."

ఊరిపెద్ద గది గోడను తట్టి చూశాడు. "బాగుంది. ఇళ్ళు మా కాడా ఉన్నాయి గదా బాబూ."

ఎవరూ నవ్వలేదు. అతను కావళ్ళిచ్చి మనుషుల్ని పంపాడు. పొద్దువాలే లోపు పెట్టెలు పైకి వచ్చాయి, వెనకే రొప్పుతూ కాంపౌండరు వచ్చాడు. జ్వరాల పిల్లలందరికీ మందు పడింది. మంచం కిందే ఉండిపోయింది కనక డాక్టరుగారు ఊరిపెద్ద ఇంటి అరుగు మీద పడుకున్నారు. హాయిగా నిద్రపట్టిందని ఆయనే చెప్పారు.

దిగుడులో బ్రేకులు పడతాయో లేదోనని మర్నాడు ఊళ్ళో పదిమందిని పెట్టి గదిని అక్కడే విప్పించారు. ఆఫీసుకు ఏం చెప్పుకున్నారో నాకు తెలియదు. ఊరివాళ్ళు అందులో చోళ్ళు, అదే రాగులు, పోసుకున్నారు. ఒక్క ఎలుకా దూరలేదని తర్వాత ఊరిపెద్ద మెచ్చుకుంటే, డాక్టరుగారు చాలా సంతోషించారు.